మజిల్‌లోడర్ సాధనకు నిషానా ఎలా ఎంచుకోవాలి?

టెక్సస్‌లో ఉంటున్న మా మేనల్లుడు మొదటిసారి పాతకాలపు మజిల్‌లోడర్ తుపాకీ పేల్చి వచ్చిన రోజు రాత్రి వీడియో కాల్‌లో ఒక కాగితం చూపించాడు. మధ్యలో చాయ్ సాసరంత నల్ల చుక్క, చుట్టూ తెల్ల కాగితం. ఒక్క చిల్లు కూడా లేదు. “వంద గజాల నుంచి ఐదుసార్లు కాల్చాను మామూ, ఒక్కటీ తగల్లేదు” అని నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ఐదు సీసపు గుండ్లు ఎక్కడికి పోయాయిరా అని అడిగాను. వాడి దగ్గర జవాబు లేదు.

ఈ వ్యాసం ఆ జవాబు కోసమే. నిషానా అంటే గెలుపు ఓటములు తేల్చే బొమ్మ అనుకుంటాం. నిజానికి దానికి రెండు పనులున్నాయి. గుండు ఎటు పోయిందో చెప్పాలి. వెనక ఉన్న మట్టికట్టతో కలిసి ఆ గుండు అక్కడే ఆగేలా చూడాలి. ఈ రెండూ చేయని నిషానా ఎంత అందంగా ఉన్నా దండగే.

ఈ తుపాకీ తీరు వేరు

మజిల్‌లోడర్ అంటే గొట్టం మూతి వైపు నుంచి మందు, గుండు కూరి పేల్చే తుపాకీ. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో పొడుగాటి పాత బందూఖులు చూసినవాళ్ళకు ఈ జాతి తెలుసు. గొట్టంలో ముందు కొలిచిన మందు పోస్తారు. తర్వాత నూనె రాసిన చిన్న గుడ్డ ముక్కలో సీసపు గుండును చుట్టి, కడ్డీతో అడుగుదాకా దిగగొడతారు. దీన్నే ప్యాచ్ వేసిన రౌండ్‌బాల్ అంటారు. 50 క్యాలిబర్ తుపాకీలో సాధారణంగా 0.490 అంగుళాల గుండు పడుతుంది. మిగిలిన సందును గుడ్డ పూడుస్తుంది.

మందు విషయంలో ఒక మాట. బ్లాక్ పౌడర్‌ని తెలుగులోకి మార్చబోయి కొందరు ‘నల్లమందు’ అని రాసేస్తున్నారు. మన భాషలో నల్లమందు అంటే అఫీము! ఇది తుపాకీమందు, మన ఇళ్ళలో అనే బారూద్. సూరేకారం 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10. ఇప్పుడు మామూలు తూటాల్లో వాడే పొగరాని మందు దీనికి పూర్తిగా వేరు. పొగరాని మందును పొరపాటున కూడా ఈ తుపాకీల్లో పోయకూడదు. గొట్టమే పేలిపోతుంది, చేతులు పోతాయి.

బారూద్ కాలితే తెల్లటి దట్టమైన పొగ వస్తుంది. కాల్చిన మరుక్షణం నిషానా కనిపించదు. పొగ తేలిపోయేసరికి గుండు ఎప్పుడో పోయింది. మళ్ళీ కూరి పేల్చడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. కాబట్టి ఇక్కడ ప్రతి దెబ్బా ఖరీదైనదే. తగిలిందో లేదో, ఎక్కడ తగిలిందో తర్వాత తీరిగ్గా చెప్పగలిగే నిషానా కావాలి. అందుకే మొదట కాగితమే సరైనది. మోగే ఇనుము, పగిలే మట్టి పళ్ళేలు ఆ తర్వాతి మాట.

కాగితం ఎంత పెద్దది, చుక్క ఎంత పెద్దది

మా మేనల్లుడి తప్పు కాగితం ఎంపికలోనే ఉంది. ఏ తుపాకీ అయినా కొత్తగా చేతికొచ్చినప్పుడు అది ఎటు కొడుతుందో మనకు తెలియదు. 100 గజాల నుంచి మొదలుపెడితే చిన్న తేడా కూడా అడుగుల్లోకి మారుతుంది. 25 గజాల నుంచి మొదలుపెట్టండి. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున్న అట్ట నిలబెట్టి, దాని మధ్యలో చుక్కున్న కాగితం అంటించండి. గుండు చుక్కకు అడుగు దూరం పోయినా అట్ట మీద ఆనవాలు దొరుకుతుంది. పాత ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ డబ్బాలు దీనికి భేషుగ్గా పనికొస్తాయి. 25 గజాల దగ్గర గుండ్లన్నీ ఒకచోట పడుతుంటే 50కి, అక్కడా కుదిరాక 100కి వెళ్ళాలి.

చుక్క సైజుకు ఒక చిన్న లెక్క ఉంది. సంప్రదాయ మజిల్‌లోడర్లకు దుర్భిణి ఉండదు. గొట్టం కొసన ఒక సన్నని రేకు ముక్క ఉంటుంది. మన పెద్దలు దాన్ని మక్ఖీ అనేవాళ్ళు. దాని వెడల్పు 0.06 అంగుళం అనుకుందాం, అంటే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు. కంటికీ దానికీ మధ్య 36 అంగుళాలు ఉందనుకుందాం. 50 గజాలంటే 1800 అంగుళాలు, అంటే కంటికి మక్ఖీ ఉన్న దూరానికి 50 రెట్లు. కాబట్టి 50 గజాల దగ్గర ఆ మక్ఖీ 3 అంగుళాల మేర కప్పేస్తుంది. 25 గజాల దగ్గర ఒకటిన్నర, 100 గజాల దగ్గర 6 అంగుళాలు. మీ తుపాకీ కొలతలు వేసుకుని ఇదే లెక్క కట్టండి. చుక్క మక్ఖీ కన్నా చిన్నదైతే గురిపెట్టే సమయానికి అది మాయమైపోతుంది. మక్ఖీ వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండింతలు ఉంటే కంటికి హాయిగా ఉంటుంది. పై కొలతల తుపాకీకి 50 గజాల దగ్గర 5, 6 అంగుళాల చుక్క, 100 గజాల దగ్గర 10, 12 అంగుళాల చుక్క అన్నమాట. అందుకే వంద గజాల దగ్గర చాయ్ సాసరు పనికిరాలేదు. చూపు తప్పు కాదు, లెక్క తప్పు.

రంగు కూడా చూసుకోవాలి. మక్ఖీ నల్లగా ఉంటే నల్ల చుక్క నడిమధ్యకు గురిపెట్టడం కష్టం. నలుపులో నలుపు కలిసిపోతుంది. అందుకే చుక్క అడుగు అంచును మక్ఖీ కొస మీద నిలబెడతారు. మినారు కొసన గుమ్మటం కూర్చున్నట్టు కనిపించాలి. అలా గురిపెట్టినా గుండు మధ్యలోనే పడేలా సైట్లు సరిచేసుకుంటారు. ఇత్తడి లేదా వెండి పూస ఉన్న మక్ఖీ అయితే నల్ల చుక్క మీద మెరుస్తుంది, నేరుగా మధ్యకే పెట్టొచ్చు. తళతళలాడే నారింజ రంగు స్టిక్కర్లు దుర్భిణి ఉన్నవాళ్ళకు బాగుంటాయి. ఉత్త కంటితో, అందులోనూ నలభై దాటిన కంటితో చూస్తే అంచులు చెదిరినట్టు కనిపిస్తాయని నా అనుభవం. లేత పసుపు లేదా గోధుమరంగు కాగితం మీద నల్ల చుక్క ఎండలో కళ్ళకు తక్కువ భారం.

పలచని న్యూస్‌పేపర్ లాంటి కాగితం వద్దు. అరంగుళం గుండు దాన్ని చీల్చేస్తుంది, చిల్లు ఎక్కడ మొదలైందో తెలియదు. కాస్త మందమైన అట్టకాగితం అయితే గుండ్రంగా తెగుతుంది. ఒకే చుక్క మీద ఇరవై గుండ్లు కాల్చినా లెక్క తెలియదు. ఒకే కాగితం మీద ఐదారు చుక్కలున్నవి తీసుకుని, చుక్కకు మూడు నుంచి ఐదు చొప్పున కాల్చి, పక్కనే పెన్సిల్‌తో ఎన్ని గ్రెయిన్ల మందు, ఏ మందం గుడ్డ, గాలి ఎటు అని రాసుకుంటే ఆ కాగితమే మీ నోటుపుస్తకం అవుతుంది.

ఒక కాగితాన్ని మాత్రం వేరుగా దాచిపెట్టండి. బారూద్ కాలాక గొట్టంలో మసి పేరుకుంటుంది. శుభ్రమైన గొట్టం నుంచి పోయే మొదటి గుండు ఒకచోట, మసి పట్టిన గొట్టం నుంచి పోయే రెండోది ఇంకోచోట పడటం మామూలే. కాబట్టి వెళ్ళిన ప్రతిసారీ మొదటి గుండు మాత్రం ఆ ఒక్క కాగితం మీదే కాల్చి, తేదీ వేసి మడిచి పెట్టుకోవాలి. నెల తర్వాత అందులో నాలుగైదు చిల్లులుంటాయి. మీ తుపాకీ నిజస్వరూపం అదే. వేటకు వెళ్ళేవాళ్ళకు దొరికేదీ ఆ మొదటి గుండే.

నిషానా ఒక్కటే కాగితం కాదు

గుండుతో పాటు బయటకొచ్చిన గుడ్డ ముక్క గొట్టం ముందు కొన్ని గజాల దూరంలో పడుతుంది. రేంజి ఆపి ముందుకు వెళ్ళే వీలు దొరికినప్పుడు దాన్ని ఏరి చూడండి. మధ్యలో నల్లటి మరక, అంచులు చెక్కుచెదరకుండా ఉంటే బాగున్నట్టు. కాలి చిల్లులు పడితే నూనె చాలలేదు, లేదా మందు ఎక్కువైంది. అంచు తెగితే గొట్టం మూతి దగ్గరో, లోపలి గాళ్ళ దగ్గరో పదును ఉంది, లేదా గుడ్డ నాసిరకం. కాగితం మీద గుండ్లు చెల్లాచెదురైనప్పుడు చాలామంది తమ చేతినే తిట్టుకుంటారు. సగం సార్లు దోషం ఈ గుడ్డదే.

ఎండాకాలంలో ఈ గుడ్డకు ఇంకో ముఖం ఉంది. అది నిప్పు రాజుకుంటూ పడొచ్చు. కింద ఎండుగడ్డి ఉంటే చాలు. నిషానా పెట్టే చోటు ఎంచుకునేటప్పుడు తుపాకీ ముందున్న నేల కూడా చూడాలి. గడ్డి కోసి, బకెట్ నీళ్ళు దగ్గర పెట్టుకోవడం మంచి ఎహ్తియాత్.

పళ్ళెం పరీక్ష

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జింకల వేటకు మజిల్‌లోడర్ల కోసం ప్రత్యేక రోజులు కేటాయిస్తారు. దానికి సిద్ధమయ్యేవాళ్ళు పార్టీల్లో వాడే 8, 9 అంగుళాల కాగితం పళ్ళెం పెట్టుకుంటారు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఇంచుమించు అంతే ఉంటుంది. పళ్ళెం మీద చుక్క గీయరు. ఎందుకంటే జింక మీద చుక్క ఉండదు. బల్ల మీద ఇసుక సంచి ఆనించి కాకుండా, మోకాళ్ళ మీద కూర్చుని, నిలబడి కాలుస్తారు. ఏ దూరం దాకా ప్రతి గుండూ పళ్ళెంలోనే పడుతుందో అదే ఆ మనిషి హద్దు. ఒకరికి 75 గజాలు, ఒకరికి 40. దాన్ని ఒప్పుకోవడానికి కొంచెం నిజాయితీ కావాలి. రౌండ్‌బాల్ గాలిలో వేగం త్వరగా కోల్పోతుంది. 50 గజాలకు సరిచేసిన 50 క్యాలిబర్ తుపాకీ 100 గజాల దగ్గర నాలుగైదు అంగుళాలు కిందకు కొట్టడం సహజం. దీనికి అడ్డగాలి తోడైతే గుండు జంతువు పొట్టలో పడుతుంది, జంతువు పారిపోయి గంటల తరబడి నరకం చూస్తుంది. రెండో గుండు కూరేలోపు అది కనుచూపు మేరలో ఉండదు.

ప్రాణమున్న దేన్నీ నిషానా సాధనకు పెట్టకూడదని ప్రవక్త (స) వారించినట్టు సహీహ్ ముస్లింలో హదీసు ఉంది. పిల్లలకు ఇది మొదటి రోజే చెప్పాలి. కాకి, ఉడుత, కంచె మీద పిట్ట, ఇవేవీ ‘ఒకసారి చూద్దాం’ అనడానికి కావు. మనిషి ఆకారం ఉన్న బొమ్మలు కూడా ఇంటి పిల్లలతో వెళ్ళినప్పుడు వద్దనే నేనంటాను. చాలా రేంజిలు కూడా వాటిని ఒప్పుకోవు.

మోగే ఇనుము

పొగలో ఏమీ కనిపించని తుపాకీకి ‘టంగ్’ మనే శబ్దం ఎంత ఆనందమో చెప్పలేం. అందుకే ఇనప నిషానాలంటే అందరికీ మోజు. కానీ దొరికిన ప్రతి ఇనప ముక్కా నిషానా కాదు. ఏఆర్500 లాంటి గట్టి ఉక్కుతో నిషానాల కోసమే చేసిన పలకలు దొరుకుతాయి. వాటిని గొలుసుతో వేలాడదీసి, పై అంచు కాస్త ముందుకు వంగేలా పెడితే సీసం చితికి నేల వైపు రాలుతుంది. ఎంత దూరం నుంచి కాల్చాలో పలక చేసినవాళ్ళు రాస్తారు. రేంజి వాళ్ళ నియమం అంతకన్నా ఎక్కువ దూరం చెబితే అదే పాటించాలి. పాత నాగలి ముక్కలు, లారీ రేకులు, గ్యాస్ సిలిండర్లు వద్దు. మెత్తటి ఇనుము మీద గుంటలు పడతాయి. గుంటలో పడ్డ తర్వాతి గుండు ముక్కలై కాల్చినవాడి వైపే తిరిగి రావచ్చు. గుంటలు పడ్డ పలకను ఆ రోజే తీసేయాలి. కాల్చేవాళ్ళే కాదు, చూసేవాళ్ళందరూ కళ్ళద్దాలు, చెవులకు రక్షణ పెట్టుకోవాలి.

పేలే నిషానాల జోలికి వెళ్ళనే వద్దు. 2017 ఏప్రిల్‌లో అరిజోనాలో పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పే వేడుక కోసం ఒకాయన అలాంటి దాన్ని తుపాకీతో పేల్చాడు. ఎండుగడ్డి అంటుకుని దాదాపు 47,000 ఎకరాలు తగలబడ్డాయి. సాధారణ పలకకు, దానికి తేడా అంత.

ఇక గాజు సీసాలు, బండరాళ్ళు, నీళ్ళు, గడ్డకట్టిన నేల. వీటిలో ఏదీ నిషానా కాదు. గాజు పెంకులు ఏళ్ళ తరబడి పశువుల కాళ్ళలో దిగుతాయి. గుండ్రటి గుండు తక్కువ కోణంలో నీటినో రాతినో తాకితే, చెరువులో పిల్లలు విసిరే పెంకులాగా ఎగిరి ముందుకు పోతుంది. దాని దారి ఎవరికీ తెలియదు.

వెనక ఏముంది

నిషానా ఎంపికలో అసలు సంగతి ఇదే. రాళ్ళు లేని మెత్తటి మట్టికట్ట, మనిషి కన్నా బాగా ఎత్తుగా, నిషానాకు దగ్గరగా ఉండాలి. చెట్ల గుంపు మట్టికట్ట కాదు. గుట్ట అంచు కూడా కాదు, పైనుంచి పోయిన గుండు అవతలి ఊళ్ళో దిగుతుంది. తుపాకీ మూతి నుంచి నిషానా మధ్యకు ఒక దారం కట్టినట్టు ఊహించుకుని, ఆ దారాన్ని ముందుకు లాగండి. అది కట్ట నడుములో గుచ్చుకోవాలి. మరీ పైకి పెడితే గుండు కట్ట దాటుతుంది, మరీ కిందకు పెడితే ముందున్న నేలను తాకి లేస్తుంది. నిలబడి కాల్చేవాడికి, పడుకుని కాల్చేవాడికి ఈ దారం వేరు, కాబట్టి నిషానా ఎత్తు కూడా మారుతుంది. చట్రం కర్రతోనే చేయాలి. ఇనప గొట్టాలతో చేస్తే అంచుకు తగిలిన గుండు ఎటైనా తిరుగుతుంది.

ట్రిగ్గర్ నొక్కినా ఒక్కోసారి మందు అంటుకోదు. ఆలస్యంగా అంటుకోవచ్చు కూడా. కనీసం ఒక నిమిషం తుపాకీ మూతిని నిషానా వైపే ఉంచాలి. ‘ఏమైంది చూద్దాం’ అని పక్కకు తిప్పడం వల్లే ప్రమాదాలు జరుగుతాయి. కాగితం మార్చడానికి ఎవరు ముందుకెళ్ళినా అందరి తుపాకీలూ ఖాళీగా, చేతులు దూరంగా ఉండాలి.

పాత ఆటలు, కొత్త పోటీలు

పక్షుల చిత్రాలకు పేరుపడ్డ జాన్ జేమ్స్ ఆడుబాన్ 19వ శతాబ్దం తొలినాళ్ళలో కెంటకీలో చూసిన ఆటల్ని రాసిపెట్టాడు. పలకలో మూడింట రెండు వంతులు దిగిన మేకు తలను గుండుతో కొట్టి లోపలికి దించడం ఒకటి. రాత్రిపూట కొవ్వొత్తి ఆరకుండా వత్తి కొడిని మాత్రం ఎగరగొట్టడం ఇంకొకటి. గొడ్డలి అంచుకు గుండు తగిలి రెండు ముక్కలై, అటూ ఇటూ పెట్టిన రెండు మట్టి పళ్ళేలనూ పగలగొట్టే ఆట ఇప్పటికీ ఆడతారు. పాతరోజుల్లో కాల్చిన నల్లటి చెక్క మీద కత్తితో గీసిన ఇంటూ గుర్తే నిషానా. ప్రతి చిల్లు నుంచి ఆ గుర్తు మధ్యకు దారంతో కొలిచి, ఎవరి దారం పొట్టిదైతే వాళ్ళు గెలిచినట్టు. కాగితం కొనే పని లేని ఈ లెక్క ఇంట్లో పిల్లలకు కూడా ఇట్టే అర్థమవుతుంది.

ఇప్పటి సంఘాల్లో అమెరికా జాతీయ మజిల్‌లోడింగ్ రైఫిల్ సంఘం 1933లో మొదలైంది. దాని మైదానం ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్ళో ఉంది. 1950లో మొదలైన నార్త్-సౌత్ స్కర్మిష్ సంఘం వాళ్ళు జట్లుగా నిలబడి, అట్టకు తగిలించిన మట్టి పళ్ళేలను, వేలాడే పెంకులను ఎవరు ముందు పగలగొడతారో చూస్తారు. అంతర్జాతీయ పోటీల్లో అరగంటలో 13 గుండ్లు కాల్చి, మంచి 10 లెక్కలోకి తీసుకుంటారు. అక్కడ వాడే ఒక నిషానా 50 మీటర్ల పిస్టల్ కాగితమే. నడిమి వలయం 50 మిల్లీమీటర్లు, నల్ల భాగం 200 మిల్లీమీటర్లు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు కూడా 50 గజాల దగ్గర ఇది బాగా కుదిరే కాగితం.

మన దగ్గరా ఒకటుంది. కర్ణాటక కొడగులో కైల్‌పోద్ పండగకు ఎత్తైన చెట్టుకు కట్టిన కొబ్బరికాయను కాల్చే పోటీ పెడతారు. కొడవలకు ఆయుధాల లైసెన్సు నుంచి ప్రత్యేక మినహాయింపు ఉంది. చూడముచ్చటైన ఆట. కానీ పైకి కాల్చే గుండు వెనక మట్టికట్ట ఉండదు. అక్కడి భూమి తెలిసిన పెద్దల మధ్య తప్ప ఎవరూ అనుకరించకూడదు.

కాగితాల సంగతి

తెలంగాణ, ఆంధ్రల్లో అటక మీద దాదా కాలం నాటి బందూఖ్ దొరికిందని సరదాగా మందు కూరకండి. ఆయుధాల చట్టం 1959 కింద లైసెన్సు లేకుండా ఉంచుకోవడమే నేరం. వన్యప్రాణుల చట్టం 1972 వల్ల వేట నిషేధం. నాటు తుపాకీతో అడవిలోకి వెళ్ళినవాళ్ళ కేసులు పేపర్లలో చూస్తూనే ఉంటాం.

అమెరికాలో ఉన్నవాళ్ళకు చిక్కు వేరు. ఎఫ్-1, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు మామూలు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి కేంద్ర చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. తూటా పట్టని, బారూద్‌తో మాత్రమే పేలే మజిల్‌లోడర్లను కేంద్ర చట్టం ‘పురాతన ఆయుధం’ కింద వేరుగా చూస్తుంది. అయితే గొట్టం మార్చి తూటాలు పేల్చగలిగేవి అందులోకి రావు. రాష్ట్రాల చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. దుకాణంవాడు ‘పర్లేదు’ అన్నాడని వీసాను పణంగా పెట్టొద్దు. రేంజికి వెళ్ళే ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

మా మేనల్లుడు అదే చేశాడు. ఇప్పుడు 25 గజాల దగ్గర పెద్ద అట్ట పెట్టుకుంటున్నాడు. మొన్న పంపిన ఫోటోలో ఐదు చిల్లులూ కనిపించాయి. చుక్కకు నాలుగు అంగుళాలు ఎడమగా, అన్నీ ఒక గుప్పెట్లో. “తగల్లేదు మామూ” అని మళ్ళీ రాశాడు. సైటు కుడికి జరపాలని, ముందు వెనక సైటును మాత్రమే కదిలించమని, ఇంటికొచ్చాక సీసం అంటిన చేతులు సబ్బుతో కడిగి, ఆ బట్టలు వేరుగా ఉతికాకే పాపను ఎత్తుకోమని జవాబిచ్చాను.